నూరు సొరుగుల మందుల కొట్టు

పిల్లలూ! మీలో ఇంతవరకూ ఒక్కసారి కూడా దగ్గు రానివారు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి.

నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న ఎన్ని తరగతుల్లో అడిగినా ఒక్క చెయ్యి కూడా లేవలేదు. పైగా ప్రశ్న వినగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు ఖళ్ళు ఖళ్ళున దగ్గేవారు. అది నిజం దగ్గో, అల్లరి దగ్గో నాకు ఇట్టే తెలిసిపోయేది.

దగ్గు అందరికీ వస్తుంది కనుక అన్ని దేశాలవారూ దానికి మందు వెతికారు. మన ఇళ్ళల్లో మిరియాల కషాయం కాస్తారు, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంటారు. చైనావాళ్ళు ఏం చేస్తారో చూసే అవకాశం నాకు 2019లో కలిగింది. నేను ఉద్యోగం విరమించిన మరుసటి సంవత్సరం అది. మా రెండో అబ్బాయి అప్పట్లో చైనాలోని హాంగ్‌జౌ నగరంలో పనిచేసేవాడు. "నాన్నగారూ, ఇంట్లో కూచుని ఏం చేస్తారు? ఒక నెల ఇక్కడికి వచ్చి వెళ్ళండి" అని టికెట్టు పంపించాడు. మార్చి నెలలో బయలుదేరాను.

విమానం షాంఘైలో దిగింది. అక్కడి నుంచి హాంగ్‌జౌ సుమారు 170 కిలోమీటర్లు. అంటే దాదాపు మన విజయవాడ నుంచి రాజమహేంద్రవరం వెళ్ళినంత దూరం. రైలు ఒక గంటలో చేర్చింది. కాఫీ కప్పు బల్లమీద పెడితే తొణకలేదు. కాఫీ మాత్రం బాగా లేదు.

హాంగ్‌జౌ నగరానికి పడమటి పక్క పెద్ద సరస్సు ఉన్నది. దాని పేరు సీహూ. ఆ మాటకు పడమటి సరస్సు అనే అర్థం. దానికి మూడువైపులా కొండలు, నాలుగోవైపు ఊరు. గట్టు వెంట వరసగా విల్లో చెట్లు, వాటి మధ్య పీచ్ చెట్లు. నేను వెళ్ళేసరికి పీచ్ పూలు గులాబిరంగులో విరగబూసి ఉన్నాయి. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఈ ఊరు చైనాకు రాజధానిగా ఉండేది. ఇటలీ దేశపు యాత్రికుడు మార్కో పోలో తన పుస్తకంలో దీన్ని లోకంలోకెల్లా గొప్ప నగరమని పొగిడాడు.

నేను చేరిన నాటికి మా మనవడు చంటికి దగ్గు పట్టుకుని అయిదు రోజులయింది. వాడికి పదేళ్ళు. జ్వరం లేదు, ఆట మానలేదు, రాత్రి పడుకోగానే మాత్రం దగ్గు మొదలయ్యేది. మా కోడలు, "మామయ్యగారూ, రేపు ఆదివారం పాత మందుల కొట్టుకు వెళదాం. మీరు చూసినట్టూ ఉంటుంది, వీణ్ణి చూపించినట్టూ ఉంటుంది" అన్నది. ఆమెతో కలిసి పనిచేసే చైనా అమ్మాయి ఒకతె మాకు దుబాసిగా వస్తానని ఒప్పుకుంది.

ఊరి మధ్య ఊషాన్ అనే చిన్న కొండ ఉన్నది. దాని పాదాన హెఫాంగ్ వీధి. అక్కడ బళ్ళు రానివ్వరు, నడవవలసిందే. రెండు పక్కలా పాతకాలపు చెక్క మేడలు. ఒకచోట పాకంతో బొమ్మలు ఊది అమ్ముతున్నారు. చంటి అక్కడ ఆగిపోయాడు. వాణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోతూ ఉంటే ఒక తెల్లటి గోడ కనిపించింది. కోటగోడంత ఎత్తు. దానిమీద మనిషి కన్నా ఎత్తయిన నల్లటి అక్షరాలు, మొత్తం ఏడు. అదే హూ చింగ్ యూ థాంగ్ అనే మందుల కొట్టు.

దీన్ని 1874లో హూ ష్వేయాన్ అనే వర్తకుడు స్థాపించాడు. ఆయన చిన్నతనంలో పేదవాడు. వడ్డీ వ్యాపారి కొట్టులో పని నేర్చుకుని క్రమంగా పట్టు వ్యాపారమూ, బ్యాంకులూ పెట్టి కోట్లకు పడగలెత్తాడు. చివరికి పట్టు వ్యాపారంలోనే చితికిపోయి 1885లో చనిపోయాడు. బ్యాంకులు పోయాయి, మేడలు పోయాయి. ఈ కొట్టు మాత్రం చేతులు మారినా ఇప్పటికీ నడుస్తున్నది. ఇందులో ఒక భాగం మందుల ప్రదర్శనశాల.

లోపలికి వెళ్ళగానే పెద్ద చావడి. పైన చెక్కిన దూలాలు, వాటికి వేలాడే దీపాలు. గాలినిండా ఒక వాసన. మన ఆయుర్వేద మందుల కొట్టులో వచ్చే వాసనే, అందులో కొంచెం ఎండు తొక్కలూ, కొంచెం తడి మట్టీ కలిపినట్టు ఉన్నది.

గోడలకు పలకలు వేలాడుతున్నాయి. కొనేవారికి కనబడేటట్టు పెట్టిన పలకమీద "సరుకు అసలుది, ధర ఒకటే" అనే అర్థం వచ్చే మాటలు ఉన్నాయట. అది ఏ కొట్టువాడయినా రాసుకుంటాడు. కాని ఇంకొక పలక ఉన్నది. దాని ముఖం కొనేవారివైపు లేదు, అమ్మేవారివైపు తిప్పి ఉన్నది. 1878లో హూ ష్వేయాన్ తన చేత్తో రాసి పెట్టించినది. అందులో పెద్ద అక్షరాలు రెండే. దుబాసి అమ్మాయి చదివి చెప్పింది: "మోసం వద్దు."

ఇది నాకు ఎంతో నచ్చింది. బడిలో "అబద్ధం ఆడరాదు" అని పిల్లలకు కనబడేలా రాసి పెడతాం గాని, ఉపాధ్యాయుడి కుర్చీకి ఎదురుగా ఒక పలక పెట్టుకుందామని నాకెన్నడూ తోచలేదు.

ఇక బల్ల వెనక ఉన్న బీరువా చూడాలి! ఈ చివర నుంచి ఆ చివరికి, నేల నుంచి తల పైదాకా అన్నీ చిన్న చిన్న సొరుగులే. ఇటువంటి బీరువాను చైనావాళ్ళు "నూరు బిడ్డల బీరువా" అంటారు. ఒక్కొక్క సొరుగులో రెండు మూడు గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క మూలిక. సొరుగు ముఖంమీద పేరు రాసి ఉంటుంది. అయినా మందులిచ్చే అతను ఆ పేర్లు చదవటమే లేదు. చీటీమీద కన్ను, సొరుగుమీద చెయ్యి. మన పోస్టాఫీసులో పాతకాలపు గుమాస్తా ఉత్తరాలు అరల్లో వేసినట్టు చకచకా తీస్తున్నాడు.

అప్పుడే ఒక ముసలావిడ దగ్గుకు చీటీ రాయించుకుని వచ్చింది. అతను బల్లమీద తెల్లకాగితాలు పరిచాడు. చిన్న త్రాసు తీశాడు. ఒకే పళ్ళెం, పక్కన సన్నని కాడ. కాడమీద గుండు జరిపి తూకం చూస్తారు. మా చిన్నప్పుడు కంసాలి దగ్గర చూసిన త్రాసు గుర్తుకు వచ్చింది. ఒక్కొక్క మూలికా తూచి, దాన్ని అన్ని కాగితాలమీదా సమానంగా పంచాడు. అంతా అయ్యాక ఇంకొకతను వచ్చి చీటీతో సరిచూశాడు.

దుబాసి అమ్మాయి ఒక్కొక్కదాని పేరూ చెప్పింది. మొదటిది పసుపుపచ్చని పుల్లలు; పేరు గాన్‌త్సావ్, అంటే "తియ్యని గడ్డి". నేను ఒక ముక్క అడిగి నోట్లో వేసుకున్నాను. నవ్వొచ్చింది. మన అతిమధురమే! మా అమ్మ గొంతు గరగరకు చప్పరించమని ఇచ్చేది సరిగా ఇదే. రెండోది తెల్లని వేరు, జియెగెంగ్. దాని మొగ్గలు విచ్చుకోకముందు గాలి ఊదిన బుడగల్లా ఉబ్బి ఉంటాయట. మూడోది ఎండిన కమలాపండు తొక్క. అది ఎంత పాతబడితే అంత విలువ. మనం చింతపండు, బెల్లం పాతవి మందుకు దాచుకోమూ? అలాగే.

నాలుగోది వెడల్పాటి ఆకు. దాని చెట్టు పేరు పీపా. మన ఉత్తరదేశంలో లోకాట్ అనే పసుపుపచ్చని పండు దొరుకుతుంది, ఆ చెట్టే. హాంగ్‌జౌ దగ్గరి థాంగ్‌చీ అనే ఊరు ఈ పండ్లకు ప్రసిద్ధి. ఆకు అడుగున సన్నని నూగు ఉంటుంది. దాన్ని గీకి తీసెయ్యకపోతే గొంతులో గుచ్చుకుని దగ్గు తగ్గే బదులు పెరుగుతుంది! చైనాలో ఒక తీగల వాద్యం పేరు కూడా పీపాయే.

అయిదోది బెయ్‌మూ. ఇది ఒక రకం లిల్లీ జాతి మొక్క గడ్డ. ఇందులో రెండు రకాలు చూశాను. ఈ రాష్ట్రంలోనే పొలాల్లో పండించే పెద్ద గడ్డ ఒకటి. ముసలావిడ పొట్లంలో పడింది అదే. రెండోది గాజుసీసాలో భద్రంగా పెట్టి ఉన్నది. శనగగింజంత గడ్డలు, ఒక పెద్ద రేక చిన్న రేకను ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉంటుంది. దాన్ని వాళ్ళు "ఒడిలో చందమామ" అంటారు. ఇది పడమటి చైనాలో సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు పైగా ఎత్తయిన పచ్చికబయళ్ళలో పెరుగుతుంది. నేలమీద మోకాళ్ళూని వెతికి ఒక్కొక్క గడ్డే తవ్వి తీస్తారు. అందుచేత ధర విపరీతం. అందుచేతనే అడవిలో అది తరిగిపోయింది కూడా. చివరకు 2021లో చైనా ప్రభుత్వం అడవిలో పెరిగే బెయ్‌మూ జాతులన్నింటినీ రక్షించవలసిన మొక్కల జాబితాలో చేర్చింది. మన దగ్గుకు ఎక్కడో ఒక కొండమీద ఒక మొక్క మూల్యం చెల్లిస్తున్నదన్న మాట!

ఈ పొట్లాలు ఇంటికి తీసుకుపోయి, మట్టికుండలో నీళ్ళుపోసి అరగంట నానబెట్టి, కాచి వడకట్టాలి. మళ్ళీ నీళ్ళుపోసి మరోసారి కాచాలి. రెండు కషాయాలూ కలిపి రెండు పూటలా తాగాలి. ఇనుపగిన్నె పనికిరాదు. ఇదంతా విని చంటి మెల్లగా నా వెనక్కు వచ్చాడు. "తాతయ్యా, నాకూ అదే ఇస్తారా?" అన్నాడు. వాడి మొహం చూసి నాకు జాలేసింది.

పక్క గదిలో ఒక పెద్దావిడ, వైద్యురాలు, కూచుని ఉన్నది. ఆమె చంటి నాలుక చూసింది. మణికట్టుమీద మూడువేళ్ళు పెట్టి నాడి చూసింది. అచ్చంగా మన వైద్యుల్లాగే. తరువాత చాలా ప్రశ్నలు వేసింది. జ్వరం ఉన్నదా? ఆయాసం ఉన్నదా? పిల్లికూతలు వినిపిస్తాయా? బాగా తింటున్నాడా? ఎన్నాళ్ళ నుంచి? చైనా వైద్యంలో దగ్గు ఒకటి కాదు. చలిగాలి దగ్గు, వేడిగాలి దగ్గు, పొడి దగ్గు, కఫం దగ్గు, ఇలా విడదీసి ఒక్కొక్కదానికి వేరు వేరు మూలికలు కలుపుతారు. ఒకే దగ్గుకు ఇద్దరికి రెండు చీటీలు రావచ్చు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

చివరికి ఆమె కలం కింద పెట్టి, "వీడికి మూలికలెందుకు? బేరిపండు ఆవిరిమీద ఉడికించి పెట్టండి. జ్వరం వచ్చినా, ఊపిరి కష్టమైనా, దగ్గు వదలకుండా సాగినా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఫొటో తీయించండి" అన్నది. చంటి ముఖం విచ్చుకుంది. నాకు ఆమెమీద గౌరవం కలిగింది. మందు అమ్మే చోట కూచుని మందు వద్దనటం సామాన్యం కాదు.

ఆ రాత్రి మా కోడలు బేరిపండు వండింది. పండు పైభాగం మూతలాగా కోసి, మధ్యన గింజలు తొలిచి, ఆ గుంటలో పటికబెల్లం పలుకులు వేసి, మూత పెట్టి, గిన్నెలో ఉంచి ఆవిరిమీద ఉడికించింది. పండు గాజులా మెరుస్తూ, అడుగున తేనెరంగు రసం దిగింది. చంటి రసమంతా తాగి గిన్నె నాకి, "తాతయ్యా! దగ్గు తగ్గిపోయింది!" అని ప్రకటించాడు.

మరో గంటకు పక్కమీద ఖళ్ళు ఖళ్ళు మొదలయింది.

"ఏమిరా, తగ్గిందన్నావుగా?" అన్నాను.

"అమ్మ అంత కష్టపడి చేసింది గదా తాతయ్యా, తగ్గలేదంటే ఏం బాగుంటుంది?" అన్నాడు వాడు.

నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

1991లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు పాఠం సాగుతుండగా అదే పనిగా దగ్గేవాడు. బడి దడి పొడుగునా అడ్డసరం మొక్కలుండేవి. అడ్డసరం దగ్గుకు మంచిదని మీకూ తెలుసు. నేను ఆకులు కోయించి కషాయం కాచి, తేనె కలిపి, రోజూ మధ్యాహ్నం వాడిచేత తాగించేవాణ్ణి. తరగతిలో అందరి ముందూ, "ఏరా, తగ్గిందా?" అని అడిగేవాణ్ణి. "తగ్గిందండి" అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. ఇలా నెల దాటింది. ఒకనాడు వాడి చొక్కా చేతిమీద నెత్తురు మరక కనిపించింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. క్షయ. నెలల తరబడి మందులు వాడాడు, ఆ ఏడు చదువు పోయింది. అదృష్టవశాత్తూ బాగుపడ్డాడు. ఇప్పుడు సొంతంగా లారీ నడుపుకుంటున్నాడు. కనిపిస్తే బండి ఆపి నమస్కారం పెడతాడు. వాడు ఆ సంగతి మరిచిపోయి ఉండవచ్చు. నేను మరవలేదు.

తప్పు అడ్డసరానిది కాదు. ఆ ఆకులోని పదార్థాన్ని ఆధారం చేసుకునే శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారుచేశారు. కఫాన్ని పలుచన చేయటానికి డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు. తప్పు నా ప్రశ్నది. మేష్టారు పదిమంది ముందు "తగ్గిందా?" అంటే ఏ పిల్లవాడు "లేదు" అంటాడు? మందు ఇచ్చినవాణ్ణి నేనే, పరీక్ష పెట్టినవాణ్ణి నేనే, మార్కులు వేసుకున్నవాణ్ణీ నేనే. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలని ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలోనూ చెబుతారు. ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు కూడా.

మర్నాడు పొద్దున చంటీ నేనూ సరస్సు గట్టున షికారు వెళ్ళాం. వాడు, "తాతయ్యా, ఆ కొట్టులో మందులన్నీ నిజంగా పనిచేస్తాయా?" అని అడిగాడు. నేను ఉత్తరపు ఒడ్డున ఉన్న కొండ చూపించాను. "దాని పేరు గేలింగ్. పదిహేడు వందల ఏళ్ళ క్రితం గే హుంగ్ అనే పండితుడు అక్కడ ఉండి మందులు చేసేవాడని చెబుతారు. ఆయన రాసిన పుస్తకంలో చలిజ్వరానికి ఒక మూలిక ఉన్నది. దాన్ని నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. ఈ రాష్ట్రంలోనే నింగ్‌పో అనే ఊళ్ళో పుట్టిన తూ యూయూ అనే ఆవిడ మలేరియాకు మందు వెతుకుతూ అది చదివింది. అందరూ మూలికను కాస్తారు గదా, ఈయన కాచమనలేదేం? వేడికి మందు గుణం పోతుందేమో! అని ఆవిడకు తోచింది. తక్కువ వేడిమీద సారం తీసి 1971లో ఎలుకలకు ఇచ్చి చూసింది. పనిచేసింది. 1972లో రోగులకు ఇచ్చేముందు తాను తాగి చూసింది. 2015లో ఆవిడకు నోబెల్ బహుమానం ఇచ్చారు."

"అయితే గే హుంగ్ చెప్పినవన్నీ నిజమే నన్నమాట!" అన్నాడు చంటి.

అందరూ ఇక్కడే పొరపడతారు. గే హుంగ్ పుస్తకంలో ఉన్నది ఆ ఒక్క మందే కాదు, చాలా ఉన్నాయి. 1596లో అచ్చయిన లీ షిజెన్ అనే వైద్యుడి గ్రంథంలో 1,892 మందు వస్తువులు ఉన్నాయి. దాన్ని రాయటానికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు పట్టింది. వాటిలో ఏది నిజంగా గుణమిస్తుందో పుస్తకం చదివితే తెలియదు, పరీక్షించాలి. దగ్గు విషయంలో ఈ పరీక్ష మరీ కష్టం. ఎందుకంటారా? దగ్గు దానంతట అదే పోతుంది. జలుబుతో వచ్చిన దగ్గు ఎన్నాళ్ళుంటుందని అమెరికాలో జనాన్ని అడిగితే వారం, తొమ్మిది రోజులు అన్నారు. అసలు లెక్కలు తీసి చూస్తే సగటున 18 రోజులు! 2013లో ఈ సంగతి ప్రకటించారు. ఇప్పుడు ఆలోచించండి. తొమ్మిదో రోజు దాకా చూసి, "ఇంకా తగ్గలేదే!" అని మనం మందు మొదలుపెడతాం. తరువాతి వారంలో దగ్గు తన దారిన తాను పోతుంది. పేరు మాత్రం మందుకు వస్తుంది. పదకొండో రోజున గడప దాటి ఎడమకాలు పెట్టి ఉన్నా దానికీ పేరు వచ్చేది.

కనుక శాస్త్రజ్ఞులు ఏం చేస్తారంటే, రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు అదే రంగు, అదే రుచి గల ఉత్త పానకం ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో తాగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. అప్పుడు మొగమాటానికి చోటుండదు. చివర్న ముడి విప్పి లెక్క చూస్తారు.

చైనా కషాయంతో ఇది ఎంత చిక్కో చూడండి. అంత చేదూ అంత వాసనా గల దొంగ కషాయం తయారుచేయటం ఎలా? పైగా ఇద్దరికి రెండు చీటీలు రాస్తారని చెప్పానే, అప్పుడు దేన్ని దేనితో పోల్చటం? అయినా చైనాలో ఇటువంటి ప్రయోగాలు పదుల కొద్దీ జరిగాయి. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థవారు వాటన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలించారు. ఒకసారి జలుబు మందులమీద, 2012లో ఊపిరిగొట్టాల వాపుతో వచ్చే దగ్గు మందులమీద వారి తీర్పు వచ్చింది. చాలా ప్రయోగాల్లో మందు గెలిచినట్టే కనిపించింది గాని, ప్రయోగాలే సరిగా జరగలేదు. అందుచేత రుజువు చాలదు, అన్నారు.

"అంటే పనిచేస్తుందా, చెయ్యదా?" అన్నాడు చంటి విసుగ్గా.

"ఇంకా తెలియదు అని అర్థం."

"పరీక్షలో అలా రాస్తే మీరు సున్న వేస్తారుగా, తాతయ్యా!"

వాడన్నది నిజమే. ఎన్నో సున్నలు వేశాను. కొన్ని వెయ్యకుండా ఉండవలసింది.

కొన్నింటి సంగతి మాత్రం బాగా తెలిసింది. మాహ్వాంగ్ అనే ఆకుల్లేని పుల్లల మొక్క ఉన్నది. చైనావాళ్ళు దాన్ని దగ్గుకూ ఆయాసానికీ వేల ఏళ్ళుగా వాడారు. 1885లో నగాయీ అనే జపాను శాస్త్రజ్ఞుడు దానిలోంచి ఎఫిడ్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. 1924లో పెకింగులో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ అనే ఇద్దరు పరిశోధకులు అది ఎలా పనిచేస్తుందో ప్రకటించారు. బిగిసిన ఊపిరిగొట్టాలను అది సడలిస్తుంది, నోటితో మింగినా పనిచేస్తుంది. దాంతో ప్రపంచమంతటా ఆస్త్మా రోగులు దాన్ని వాడారు. ఇది సొరుగులోంచి బయటికి వచ్చి పరీక్షలో నెగ్గిన మందు. కాని అదే మందు గుండెను పరుగెత్తిస్తుంది, రక్తపు పోటు పెంచుతుంది. ఒళ్ళు తగ్గటానికని దాన్ని మింగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2004లో అమెరికాలో అటువంటి మాత్రలను నిషేధించారు. ఫుట్‌బాల్ వీరుడు మరడోనాను 1994 ప్రపంచపు పోటీల నుంచి ఇంటికి పంపింది కూడా ఈ ఎఫిడ్రినే. ఆస్త్మాకు ఇప్పుడు ఇంతకన్నా మంచి మందులు వచ్చాయి.

"మూలికే గదా, ఏం చేస్తుంది?" అనేవారికి ఇది చెప్పండి. గుణమున్న ప్రతిదానికీ దోషం ఉండవచ్చు. దగ్గు చీటీల్లో ఖుబానీ గింజలోని చేదుపప్పు కూడా రాస్తారు. ఆ పప్పు కడుపులో సైనైడ్ అనే విషాన్ని వదులుతుంది. చిన్నపిల్లలు కొద్ది పప్పులు నమిలినా ప్రమాదమే. మన తియ్యని అతిమధురం కూడా రోజూ ఎక్కువగా తింటే రక్తపు పోటు పెంచుతుంది. బెయ్‌మూ గడ్డ సారం ఇస్తే జంతువుల్లో దగ్గు తగ్గిందని ప్రయోగశాలల్లో చూశారు. మనుషులకు అంత గట్టి రుజువు ఇంకా లేదు.

ఇంతకూ పిల్లల రాత్రి దగ్గుకు అన్నిటికన్నా మంచి రుజువు దేనికి దొరికిందో తెలుసా? ఏ కొండమీది గడ్డకూ కాదు. తేనెకు! 2018లో ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, ఏమీ ఇవ్వనివారికన్నా తేనె తాగిన పిల్లలకు కొంత మేలుగా ఉన్నదని తేలింది. ఏడాది నిండని పసిపాపలకు మాత్రం తేనె ఒక్క చుక్క కూడా పెట్టరాదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు వారికి ప్రాణం మీదికి తేవచ్చు. ఇంట్లో చంటిపాప ఉంటే ఈ ముక్క మీ అమ్మమ్మకు చదివి వినిపించండి.

ఆ రాత్రి నుంచి చంటీ నేనూ ఒక లెక్క మొదలుపెట్టాం. పక్క ఎక్కిన మొదటి గంటలో వాడు ఎన్నిసార్లు దగ్గాడో నేను నోటుపుస్తకంలో గీతలు గీసేవాణ్ణి. ఒక రాత్రి బేరిపండు, ఒక రాత్రి ఉత్త వేడినీళ్ళు. బేరిపండు రాత్రి 22, నీళ్ళ రాత్రి 17. మళ్ళీ బేరిపండు 19, నీళ్ళు 11. "తాతయ్యా, బేరిపండు ఓడిపోయింది!" అన్నాడు వాడు దిగులుగా. ఒక్క పిల్లవాడి దగ్గు నాలుగు రాత్రులు లెక్కపెడితే ఏమీ తేలదనీ, రోజులు గడుస్తున్న కొద్దీ దగ్గు ఎలాగూ తగ్గుతుందనీ నచ్చజెప్పి, బేరిపండు మానకుండా చేశాను. నిజం చెప్పాలంటే రెండో పండు నాకు పెట్టేవాళ్ళు.

పదహారో రోజు రాత్రి నోటుపుస్తకంలో గీత పడలేదు. గంట కూచున్నాను. ఒక్క దగ్గూ లేదు. మర్నాడు పొద్దున చంటి లేవగానే పుస్తకం తెరిచి సున్న చూసుకుని, పక్కన "తిన్న పదార్థం" అనే గడి నింపటానికి పెన్సిలు తీశాడు. కాసేపు ఆలోచించి వంటింట్లోకి పరుగెత్తాడు.

"అమ్మా! రాత్రి మనం ఏం తిన్నాం?"

"బేరిపళ్ళు అయిపోయాయి గదరా. పెరుగన్నం తిన్నావు" అన్నది మా కోడలు.

దగ్గుకు పెరుగు పడదని వాడికి మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చెబుతున్నారు. వాడు నావైపు చూశాడు, పుస్తకంవైపు చూశాడు, ఆ గడిలో గుండ్రని అక్షరాలతో "పెరుగన్నం" అని రాశాడు.